ఊపిరి బిగబట్టు ఇంజను

చదునైన రహదారిపై మితవేగమున సాగు కారునకు తన ఇంజను ఈయగల బలమున స్వల్పభాగమే చాలును. అయినను ఎత్తులెక్కుటకును, ఎదుటి లారీని దాటుటకును కావలసిన బలమంతయు అది నిరంతరము మోసికొని తిరుగవలసినదే. పెట్రోలు ఇంజనునకు అరకొర పని చెప్పుట యనగా దానిచే దుర్వ్యయము చేయించుట. శక్తి తక్కువ కావలసినపుడు థ్రాటిలు పలక గాలి వచ్చు త్రోవను ఇరుకు చేయును. ఆ ఇరుకు త్రోవనుండి గాలిని లాగుటకు పిస్టను పెనుగులాడును. ఆ పెనుగులాటకు వ్యయమగు శక్తి చక్రములను చేరక మార్గమధ్యముననే హరించిపోవును. దీనినే పంపింగు నష్టమందురు.

కొన్ని సిలిండర్లకు విరామమిచ్చుట దీనికి కనుగొన్న ఉపాయము. వాని వాల్వులన్నిటిని మూసి పెట్రోలును ఆపివేసినచో, మిగిలిన సిలిండర్లపై భారము హెచ్చి, థ్రాటిలు మరింత తెరచుకొని, అవి అనాయాసముగా గాలి పీల్చును. మూతపడిన సిలిండరులో చిక్కిన గాలియో, మూతిని వ్రేలితో అదిమిన సైకిలు పంపులోని గాలివలె, తన్ను నొక్కుటకు పెట్టిన శక్తిని చాలవరకు తిరిగి ఇచ్చివేయును. 1981లో కాడిలాక్ సంస్థ ఎనిమిది సిలిండర్లను ఆరుగను నాలుగుగను మార్చుకొను ఇంజనును సాహసించి విక్రయించెను గాని, నాటి ఎలక్ట్రానిక్ నియంత్రణము అంతటి పనికి పరిపక్వము కానందున ఆ ప్రయత్నము అభాసుపాలైనది. నేడు మన దేశములో అమ్ముడగు స్కోడా కుషాక్, ఫోక్స్‌వాగన్ టైగున్ కార్ల 1.5 లీటరు ఇంజను, భారము తక్కువైనపుడు తన నడిమి రెండు సిలిండర్లను నిశ్శబ్దముగా విశ్రమింపజేయుచున్నది.

పెట్రోలు ఇంజనుతోపాటు విద్యుత్ మోటారును గల హైబ్రిడ్ కారులో ఈ ఉపాయపు ప్రయోజనము వేరు. నా దృష్టిలో అదియే రసవత్తరమైన భాగము. హోండా వారి తొలినాటి సివిక్ హైబ్రిడ్‌లో విద్యుత్ మోటారు ఇంజను క్రాంకు షాఫ్టునకే బిగింపబడియుండెను. ఆ రెంటినడుమ క్లచ్ ఉండెడిది కాదు. బండి వేగము తగ్గునపుడు ఆ మోటారే జనరేటరై, వృథా కావలసిన గమనశక్తిని బ్యాటరీలో నింపును. కాని చక్రములు మోటారుతోపాటు ఇంజనును గూడ త్రిప్పక తప్పదు గనుక, బ్యాటరీకి చేరవలసిన శక్తిలో కొంత గాలిని లాగు వ్యర్థశ్రమకు పాలగుచుండును. ఆ క్షణమున పెట్రోలు ఎట్లును ఆగియే యుండును. సాధారణమైన కార్లలోను అంతే. దొంగ పెట్రోలు కాదు, గాలి. అందుచేత ఆ కారు తొలి తరములో నాలుగింట మూడు సిలిండర్ల వాల్వులను, 2006 నాటి తరములో నాలుగింటిని మూసివేయు ఏర్పాటు చేసిరి. నూనె పీడనముచే, వాల్వులను నొక్కు రాకర్లలోని చిన్న పిన్ను ప్రక్కకు జరుగును. రాకర్లను కదలించు కామ్ తిరుగుచునే యుండును గాని వాల్వు కదలదు. ఆ 2006 నాటి కారు తక్కువ వేగమున నిలకడగా పోవునపుడు, 1.3 లీటరు ఇంజను మారుమాటాడక తిరుగుచుండగా, 15 కిలోవాట్ల మోటారొక్కటియే బండిని కొంతదూరము నడపగలిగెడిది.

ఆ కారునకు అమెరికా ప్రభుత్వము నగరమున గాలనుకు 49, రహదారిపై 51 మైళ్ళని లెక్కగట్టినది. 2008లో పరీక్షావిధానము కఠినము కాగా అవి 40, 45కు దిగినవి. కారు మారలేదు, కొలబద్ద మారినది. మైలేజి అంకెలను వేదవాక్యములుగ భావించువారు గమనింపవలసిన సంగతి. 2008లోనే ఆ కారు మన దేశమునకును వచ్చినది గాని, ధర సామాన్యులకు అందునది కాలేదు.

పని లేకున్నను ఇంజనును త్రిప్పవలసివచ్చు చిక్కును 1997లోనే టయోటా ప్రయస్ వేరొక త్రోవన విడదీసినది: గ్రహచక్రముల (ప్లానెటరీ గేర్ల) అమరికవలన చక్రములు తిరుగుచుండగనే ఇంజను పూర్తిగా నిలిచిపోగలదు. తుదకు హోండా వారును అట్టి స్వేచ్ఛనే కోరి, రెండు మోటార్ల పద్ధతికి మారిరి. 2022లో మన విపణికి వచ్చిన సిటీ హైబ్రిడ్‌లో ఇంజను చాలవరకు జనరేటరును త్రిప్పుటకే పరిమితము. తనకు అనువైన భారమున పనిచేయును, పని లేనపుడు ఆగిపోవును. రహదారి వేగమున మాత్రమే క్లచ్ దానిని చక్రములతో నేరుగా కలుపును.