సూరత్‌లో తెలుగు పెళ్ళి: వీడియోకు ధ్వని, వెలుతురు

తాపీ తీరాన గల సూరత్ నగరానికి తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్ళిన పద్మశాలీలు అనేకులు లింబాయత్, ఉధ్నా ప్రాంతాలలో స్థిరపడి, మరమగ్గాలపై జీవనం సాగించుచున్నారు. తరాలు మారినా వారి పెళ్ళిళ్ళు తెలుగు పద్ధతిలోనే జరుగుచున్నవి. అంత దూరం ప్రయాణించలేని ముసలివారికి స్వగ్రామంలో ఆ పెళ్ళిని చూపునది వీడియోయే. తీయువాడు తరచు గుజరాతీ. ఆతనికి తెలుగు రాకపోవుట పెద్ద లోపం కాదు; చాలని పరికరాలతో రావడమే లోపం.

కెమెరాలోనే అమర్చిన మైకు తనకు దగ్గరనున్న దానినే బాగుగా వినును. దూరం రెట్టింపైనచో ఆరుబయట ధ్వని సుమారు 6 డెసిబెళ్ళు తగ్గును. పది అడుగుల నుండి తీసిన చిత్రంలో పురోహితుని పెదవులు కదలును గాని, వినిపించునది బంధువుల ముచ్చట్లే. అందుచేత పురోహితుని ఉత్తరీయానికి చిన్న వైర్‌లెస్ మైకు తగిలించవలెను. వధువు నగలకు దగ్గరగా పెట్టరాదు. ఆ గలగల తప్ప మరేమీ మిగలదు. మంత్రం స్థాయికి సరిచేసిన మైకు గట్టిమేళం మ్రోగగానే చిట్లిపోవును. డిజిటల్ రికార్డింగులో అట్లు చిట్లిన ధ్వనిని యథాతథంగా తిరిగి పొందుట సాధ్యం కాదు. ముందుగా సన్నాయి, డోలు వాయించమని అడిగి, ఆ స్థాయికే సరిచేయుట మేలు.

ఇక వెలుతురు. జరీ అద్దము వంటిది. సూరత్ జరీకి పేరెన్నికగన్న ఊరు గదా! చిన్న దీపాన్ని సూటిగా వేసినచో చీర అంచు తెల్లని మచ్చగా మారి నేత పనితనం కనబడదు. నేతగాని ఇంటి పెళ్ళిలో ఇది చిన్న నష్టం కాదు. దీపాన్ని తెల్లని గుడ్డ చాటున గాని, తెల్లని గోడకు త్రిప్పి గాని ఉంచినచో వెలుగు విస్తరించి మెత్తబడును. 3200 కెల్విన్ హాలోజెన్‌ను, 5600 కెల్విన్ ఎల్.ఇ.డి.ని కలిపినచో ముఖం ఒక ప్రక్క పసుపు, మరొక ప్రక్క నీలి ఛాయ పొందును. మన విద్యుత్తు 50 హెర్ట్జ్‌లది కనుక కొన్ని చౌక దీపాలు సెకనుకు 100 సార్లు మినుకును. షట్టరును సెకనులో 50వ వంతున ఉంచినచో ఆ బాధ చాలవరకు తప్పును.

రెండింటికీ సొమ్ము చాలనిచో ముందు మైకే కొనవలెనని నా అభిప్రాయం. తాళి కట్టగానే కొందరు దానిని తీసివేయుదురు. అప్పగింతల వేళ తల్లి పలుకు మాటలు తరువాతనే గదా వచ్చునది! తెలుగు తెలిసిన ఇంటివారొకరు వరుస ముందే చెప్పి, క్రొత్త బ్యాటరీతో కెమెరా ప్రక్కన కూర్చుండవలెను.