మీకు తెలుసా? నీటి అడుగున పెట్రోలు ఇంజిన్ ఎందుకు కుదరదు?

సొంతంగా జలాంతర్గామి కట్టుకునే ఔత్సాహికులు అమెరికా, ఐరోపాల్లో ఉన్నారు. వాళ్లకు మొదటి చిక్కు ఇంజిన్‌తోనే. ఒక లీటరు ఫోర్-స్ట్రోక్ పెట్రోలు ఇంజిన్ నిమిషానికి 3,000 చుట్లు తిరిగితే ఇంచుమించు 1,500 లీటర్ల గాలిని మింగేస్తుంది. ఇద్దరు కూర్చునే క్యాబిన్‌లో ఉండే గాలి రెండు మూడు నిమిషాలకు సరి! పైగా పొగ ఎటు పోవాలి? అందుకే బ్యాటరీ, ఎలక్ట్రిక్ మోటారే దిక్కు. చేపల వేటకు వెళ్లే చిన్న పడవల ట్రోలింగ్ మోటార్లనే కొని, బయటివైపు బిగించేవాళ్లు చాలామంది. ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక అట్మాస్ఫియర్ పీడనం పెరుగుతుంది కాబట్టి, సీలు దాటి నీరు చొరబడకుండా మోటారు లోపల నూనె నింపడమూ ఉంది.

ప్రొపెల్లర్ విషయంలో దూకుడు పనికిరాదు. చిన్నది గిరగిరా తిరిగేకన్నా పెద్దది నెమ్మదిగా తిరిగితేనే బ్యాటరీ ఎక్కువసేపు నిలుస్తుంది. వేగం రెట్టింపు కావాలంటే శక్తి దాదాపు ఎనిమిది రెట్లు కావాలి మరి!

గాలి అక్కర్లేని ఇంజిన్ కోసం స్పెయిన్‌కు చెందిన నర్సీస్ మొంతురియోల్ 1867లోనే ఓ ఉపాయం పన్నాడు. అంతకుముందు అతని కొయ్య జలాంతర్గామి ‘ఇక్తినెయో 2’ ప్రొపెల్లర్‌ను మనుషులే చేతులతో తిప్పేవారు. జింకు, పొటాషియం క్లోరేట్, మాంగనీస్ డయాక్సైడ్‌ల రసాయన చర్యతో అతను ఆవిరి పుట్టించాడు. అదే చర్యలో ఊపిరికి ఆక్సిజన్ కూడా వచ్చింది. ఇంజిన్ పనిచేసింది, డబ్బే చాలలేదు. మరుసటి ఏడాది అది అప్పులవాళ్ల పాలై, చివరికి తుక్కు కింద అమ్ముడుపోయింది.