కోసేసిన ప్లగ్గు

పట్టుచీరల ఆరణి వేరు. మాది పెరియపాళయం దగ్గర, ఆరణియార్ ఒడ్డున ఉన్న ఆరణి. మా బావ చెన్నైలో సెకండ్ హ్యాండ్ కారు కొని తెచ్చాడు. డాష్‌బోర్డులో నీలం లైట్ల స్టీరియో ఉంది. డిక్కీలో, గుడ్డలో చుట్టి, కారుతో వచ్చిన కంపెనీ రేడియో ఉంది.

"పాతదే పెట్టేద్దాం. ప్లగ్గు తీసి ప్లగ్గు పెట్టడమే గదా" అన్నాడు.

స్టీరియో బయటికి లాగితే అసలు ప్లగ్గే లేదు. ఎవరో దాన్ని కోసేసి, వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారు.

పెట్టె కొలతతో పెద్ద చిక్కు లేదు. 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 ఎత్తు అన్నది జర్మన్ల ‘డిన్’ కొలత. రెండింతల ఎత్తుంటే డబుల్ డిన్. చిక్కంతా వైర్లతోనే. బయట కొనే స్టీరియోల్లో పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్. కానీ ఆ రంగులు స్టీరియో వైపువి. కారు వైపు ఒక్కో కంపెనీది ఒక్కో వరస. అందుకే రంగును నమ్మకుండా మల్టీమీటరు పట్టాలి. తాళం తీసేసినా 12 వోల్టులు చూపేది జ్ఞాపకం వైరు. తాళం తిప్పితేనే చూపేది రెండోది. లైట్లు వేస్తేనే చూపేది రేడియో బొత్తాల వెలుగుకు.

మొదటి రెండూ తారుమారైతే, బండి ఆపినప్పుడల్లా రేడియో స్టేషన్లన్నీ మరిచిపోతుంది. రెండూ కలిపి ఒకే శాశ్వత వైరుకు కట్టేస్తే ఇంకో తంటా. రేడియో సగం మేలుకుని 0.1 ఆంపియరు లాగుతోందనుకోండి, పది రోజుల్లో 24 ఆంపియర్ అవర్లు పోతాయి. చిన్న కారు బ్యాటరీ మొత్తం 35. పండక్కి ఊరెళ్లి వచ్చి తాళం తిప్పితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

స్పీకర్ల దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. మైనస్ వైరే గదా అని బాడీకి కలిపేస్తారు. ఇప్పటి రేడియోల్లో స్పీకరుకు వెళ్లే రెండు వైర్లూ బ్యాటరీలో సగం వోల్టేజి దగ్గర నిలిచి, ఒకటి పైకి పోతే ఇంకొకటి కిందికి ఊగుతాయి. ఎర్త్‌కు తగిలిస్తే ఆంప్లిఫయర్ చిప్పు మీదికే వస్తుంది. ఆ ఊపుకీ హద్దుంది: 14.4 వోల్టులతో, 4 ఓమ్‌ల స్పీకరుకు చక్కటి స్వరం అందేది దాదాపు 26 వాట్లే. డబ్బా మీద 50 అని రాసుకునేది వ్యాపారం.

ఈ వైర్లు టంకం పెట్టి కలిపాక తెర మీద ‘కోడ్’ అని వచ్చింది. దొంగతనానికి విరుగుడు అది. కరెంటు పోయిన రేడియో నాలుగంకెలు చెప్తేగాని పలకదు. అదృష్టం, ఆ కార్డు మాన్యువల్ పుస్తకంలోనే ఉంది.

పలికింది గానీ గరగర. ఎఫ్.ఎం. అలల పొడవు సుమారు 3 మీటర్లు. ఏరియల్ అందులో పావు, అంటే 75 సెంటీమీటర్లుంటే బాగా పట్టుకుంటుంది. ఈ కారుకున్నది జానెడు రాడ్డు. ఆ కొరత తీర్చడానికి దాని మొదట్లో బుల్లి ఆంప్లిఫయర్ ఉంటుంది, దానికి రేడియో నుంచే కరెంటు వెళ్లాలి. ఆ వైరు ఎవరూ కలపలేదు. చెన్నైలో సిగ్నల్ బలంగా ఉంటుంది కాబట్టి లోపం బయటపడలేదు, ఆరణికొచ్చాక బయటపడింది.

కలిపాక 101.4 రెయిన్‌బో శుభ్రంగా వినిపించింది. బావ మాత్రం పెన్‌డ్రైవ్ పెట్టే చోటు కోసం ఇంకా వెతుకుతున్నాడు.