కేంద్రకానికి కొలత ఎక్కడిది?

పోయిన వేసవిలో మా ఆడపడుచు ఒక కాగితం పట్టుకుని వచ్చింది. గర్భాశయ ముఖద్వారం దగ్గర కాసిని కణాలు తీసి చూస్తారే, ఆ పాప్ పరీక్ష చేయించుకుందిట. కణాల కేంద్రకాలు పెద్దవిగా ఉన్నాయనీ, మళ్ళీ ఒకసారి చూపించుకోవాలనీ ఆ కాగితంలో ఇంగ్లీషులో ఉంది. "వదినా, కేంద్రకమంటే ఏమిటి? అది పెద్దదయితే నాకేమవుతుంది?" అని అడిగింది. ముఖాన కత్తివేటుకి నెత్తురుచుక్క లేదు. నాకు తెలిసినంతలో చెప్పాను. ఆ చెప్పిందే మీకూ చెబుతాను. ఈ మాట చాలామంది ఆడవాళ్ళ రిపోర్టుల్లో ఉంటుంది గాని, కూర్చోబెట్టి విడమరచి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు.

మన శరీరమంతా జీవకణాల కూర్పే కదా. ప్రతి కణంలోనూ, ఎర్ర రక్తకణాల వంటివి తప్ప, నడుమ ఒక గుండ్రని సంచీ ఉంటుంది. అదే కేంద్రకం. తల్లిదండ్రుల నుంచి వచ్చిన డి.ఎన్.ఏ. అందులోనే భద్రంగా ఉంటుంది. పూర్ణం బూరెలో పూర్ణంలాగా అనుకోండి. బూరె పెద్దది చేస్తే పూర్ణం ముద్ద కూడా పెద్దది పెడతాం, చిన్నదయితే చిన్నది. కణంలోనూ అంతే. కణం ఎంతో కేంద్రకం దానికి తగినట్టు ఉంటుందని వంద సంవత్సరాల క్రితమే శాస్త్రజ్ఞులు గమనించారు. బూరెకయితే వండే ఇల్లాలి చెయ్యే కొలత. కణం లోపల కూర్చుని కొలిచేవారెవరు?

ఈ ప్రశ్నకి జవాబు చాలాకాలం దొరకలేదు. కాని కొలత తప్పిందా లేదా అని చూడటం మాత్రం ముందే వచ్చింది. గ్రీసు దేశంలో పుట్టి న్యూయార్కులో స్థిరపడిన జార్జి పాపనికొలావు అనే వైద్యుడు, ట్రౌట్ అనే మరో వైద్యునితో కలిసి 1943లో ఈ పరీక్షను గురించి పుస్తకం ప్రచురించారు. పాప్ అన్నది ఆయన పేరులోని ముక్కే. ఆయన భార్య మేరీ అదే ప్రయోగశాలలో పనిచేస్తూ, ఏళ్ళ తరబడి తన కణాలే పరీక్షకు ఇస్తూ వచ్చింది. పేరు మాత్రం ఆయనది నిలిచింది, అది వేరే సంగతి. ముఖద్వారం పైపొర కణాలు మామూలుగా వెడల్పుగా ఉండి, కేంద్రకం చిన్న చుక్కలా కనబడుతుంది. ఆ చుక్క వైశాల్యం మామూలుకంటే మూడింతలు మించితే పరీక్షించేవారు దాన్ని గుర్తు పెట్టుకుంటారు.

ఇక కప్పల దగ్గరికి వద్దాం. ఈ కప్పకీ ఆడవాళ్ళకీ పాత సంబంధమే ఉంది. దక్షిణాఫ్రికాలో గోళ్ళున్న కప్ప ఒకటుంది. బతుకంతా నీళ్ళలోనే, పైగా దానికి నాలుక లేదు. గర్భవతి మూత్రాన్ని ఆడకప్పకు సూదిద్వారా ఎక్కిస్తే మర్నాటికల్లా గుడ్లు పెట్టేస్తుంది. మూత్రంలో ఉండే హార్మోను చేసే పని అది. కేప్ టౌనులో హాగ్‌బెన్ అనే శాస్త్రజ్ఞుడు 1930 ప్రాంతాల ఈ కప్పల మీద చేసిన పని నుంచి ఈ పరీక్ష పుట్టింది. 1960ల దాకా ఎన్నో దేశాల్లో నెల తప్పిందో లేదో ఈ కప్పలే చెప్పాయి. ఎలుకలనూ కుందేళ్ళనూ అయితే కోసి చూడాల్సి వచ్చేది, కప్పకి ఆ బాధ లేదు. అట్లా ప్రయోగశాలల్లో చేరిన కప్ప అక్కడే ఉండిపోయింది. ఈనాటికీ గుడ్లు కావలిస్తే అదే హార్మోను ఎక్కిస్తారు.

దీనికి పశ్చిమాఫ్రికాలో ఒక చిన్న చెల్లెలుంది. పెద్దకప్ప జానెడు లోపు, సుమారు 10 సెంటీమీటర్లు. చిన్నది అందులో సగం. పెద్దదాని గుడ్డు 1.2 మిల్లీమీటర్లు, చిన్నదానిది ముప్పాతిక మిల్లీమీటరు. క్రోమోజోములు పెద్దదానికి 36, చిన్నదానికి 20. కేంద్రకాలు కూడా పెద్దదానివే పెద్దవి. డి.ఎన్.ఏ. ఎక్కువుంది కాబట్టి సంచీ పెద్దదయిందని ఎవరయినా అనుకుంటారు. నేనూ అదే అనుకున్నాను.

కాదని తేల్చినవారు అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయంలో డేనియల్ లెవీ, రెబెకా హీల్డ్ అనే ఇద్దరు. వారి పని 2010లో వెలువడింది. కప్ప గుడ్లను గిర్రున తిప్పే యంత్రంలో వేసి, చితికిన గుడ్ల నుంచి రసం తీస్తారు. ఆ రసంలో కప్ప శుక్రకణాల డి.ఎన్.ఏ. వేస్తే, కణమంటూ లేకుండానే, గాజునాళికలో దాని చుట్టూ పొర కట్టుకుని కేంద్రకం తయారవుతుంది, పెరుగుతుంది! ఇప్పుడు చూడండి వారి తెలివి. చిన్నకప్ప డి.ఎన్.ఏ.ను పెద్దకప్ప రసంలో వేశారు. కేంద్రకం పెద్దగానే పెరిగింది. పెద్దదాని డి.ఎన్.ఏ.ను చిన్నదాని రసంలో వేస్తే చిన్నగా ఉండిపోయింది. రెండు రసాలూ కలిపితే నడిమి కొలత వచ్చింది. అంటే కొలత లోపలి సరుకుది కాదు, చుట్టూ ఉన్న రసానిదన్నమాట. డి.ఎన్.ఏ. ప్రభావం ఉంది గాని బహు స్వల్పం.

రసంలో ఏముంది మరి? కేంద్రకం గోడకు సన్నని ద్వారాలుంటాయి. బయట తయారైన మాంసకృత్తులు ఆ ద్వారాల గుండానే లోపలికి పోవాలి. ఇంపోర్టిన్ ఆల్ఫా అనేది వాటిని లోపలికి చేరవేయటంలో హమాలీ వంటిది. ఎన్.టి.ఎఫ్.2 అనే మరొకటి ఎక్కువయితే పెద్ద మూటలు లోపలికి పోవటం మందగిస్తుంది. ఆ మూటల్లో ముఖ్యమైనది లామిన్, గోడకు లోపలివైపు తడికలా అల్లుకునే మాంసకృత్తి. తడిక ఎంత పరిస్తే గోడ అంత జరుగుతుంది. పెద్దకప్ప రసంలో హమాలీలు ఎక్కువ, ఎన్.టి.ఎఫ్.2 తక్కువ. చిన్నదానిలో దీనికి తిరగవేత. చిన్నకప్ప రసంలో ఇంపోర్టిన్ కలిపితే కేంద్రకాలు పెరిగాయి. పెద్దదాని రసంలో ఎన్.టి.ఎఫ్.2 కలిపితే తగ్గాయి.

కడుపులో బిడ్డ ఎదిగే తీరు తలచుకుంటే ఇది ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఫలించిన కప్పగుడ్డు పరిమాణంలో ఏమాత్రం పెరగకుండానే పన్నెండుసార్లు చీలి సుమారు 4,000 కణాలవుతుంది. కణాలు చిన్నవవుతున్నకొద్దీ కేంద్రకాలూ చిన్నవి కావాలి కదా. ఆ దశలు దాటేసరికి కణరసంలో ఇంపోర్టిన్ తగ్గిపోతూ వస్తుంది. పిండంలో దాన్ని బయటినుంచి ఎక్కిస్తే కేంద్రకాలు ఉండవలసినదానికంటే పెద్దవయ్యాయి.

క్యాన్సర్ కణాల్లో ఈ కొలత ఎందుకు తప్పుతుంది? పెద్ద కేంద్రకం వల్ల జబ్బు ముదురుతుందా, జబ్బు వల్ల కేంద్రకం పెద్దదవుతుందా అన్నది ఇంకా తేలలేదు. మెలనోమా అనే చర్మపు క్యాన్సర్ కణాల్లో ఎన్.టి.ఎఫ్.2 తగ్గి ఉంటుందనీ, దాన్ని పెంచితే కేంద్రకం కుదించుకుంటుందనీ లెవీ బృందమే 2016లో తెలిపింది. ఇది మందు కాదు, ఒక జాడ మాత్రమే.

ఒక్క సంగతి మా ఆడపడుచుకి రెండుసార్లు చెప్పాను, మీకూ చెబుతున్నాను. కేంద్రకం కాస్త పెద్దదయిందన్నంత మాత్రాన క్యాన్సర్ వచ్చినట్టు కాదు. వాపు ఉన్నా, సూక్ష్మజీవులు సోకినా కూడా అది పెద్దదవుతుంది. చాలామందిలో దానంతటదే సర్దుకుంటుంది. అలాగని కాగితాన్ని మడిచి బియ్యం డబ్బాలో దాచేస్తే లాభం లేదు. డాక్టరు మళ్ళీ రమ్మన్న తేదీకి వెళ్ళాలి.

ఆవిడ వెళ్ళింది. వాపుకి మందులిచ్చారు, ఆరు నెలల తర్వాత మళ్ళీ చూశారు, కణాలు మామూలుగానే ఉన్నాయిట. ఇప్పుడు మా ఇంటికి వచ్చినప్పుడల్లా కప్పల గురించి అడుగుతుంది. నాలుక లేని కప్ప ఉంటుందంటే మాత్రం ఇప్పటికీ నమ్మదు.