రోహిణి కార్తెలో నిలిచిందే అసలు వేగం
డెస్క్‌టాప్ ఓవర్‌క్లాకింగ్: అపోహలు – వాస్తవాలు

అమలాపురం గడియార స్తంభం సెకనుకు ఒక్క అడుగు వేస్తే, మీ బల్ల మీది ప్రాసెసర్‌లో గడియారం అదే సెకనులో నాలుగైదు వందల కోట్ల అడుగులు వేస్తుంది. ఆ లెక్కను కంపెనీ హామీ ఇచ్చినదానికంటే పైకి తీసుకెళ్లడమే ఓవర్‌క్లాకింగ్. రాజోలులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే స్టూడియో కుర్రాడికీ, కొత్తపేటలో బీటెక్ చదువుతూ గేములాడే తమ్ముడికీ ఇది కొత్త మాటేం కాదు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి దిగిన బావ ఓ పూట కూర్చుని బయోస్‌లో నాలుగు అంకెలు మార్చి, కనుమ నాడు ప్రభల తీర్థం చూసుకుని వెళ్లిపోతాడు. మాఘం, ఫాల్గుణం హాయిగా గడుస్తాయి. మే నెలలో నీలి తెర పలకరిస్తుంది. అప్పుడు ర్యామ్ అమ్మిన షాపువాణ్ని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు షాపువాడిది కాదు, మన నమ్మకాలది.

అపోహ: ర్యామ్ మీద 3600 అని రాసుంటే, పెట్టగానే 3600 వేగంతోనే నడుస్తుంది.

వాస్తవం: నడవదు. డీడీఆర్4 ర్యామ్ మొదట 2133, 2400, 2666 లాంటి ప్రామాణిక వేగంతోనే మేలుకుంటుంది. డబ్బా మీది అంకె కావాలంటే బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌ఎంపీ గానీ, ఏఎండీ డీడీఆర్5 బోర్డుల్లో ఎక్స్‌పో గానీ ఆన్ చేయాలి. అలా ఆన్ చేయడం కూడా ఓవర్‌క్లాకింగే. ఉదాహరణకు రైజెన్ 5000 ప్రాసెసర్లకు ఏఎండీ అధికారికంగా చెప్పిన ర్యామ్ వేగం 3200. ఆపైన నడిస్తే అది మన అదృష్టం, కంపెనీ హామీ కాదు. ఇంకో సంగతి: సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో 3600 బదులు 1800 కనిపిస్తే మోసపోయామని కంగారు పడకండి. డీడీఆర్ ర్యామ్ గడియారం ఒక్కసారి కొట్టుకునేలోపు రెండుసార్లు డేటా పంపుతుంది. 1800 మెగాహెర్ట్జ్ అంటే 3600 అనే లెక్క.

అపోహ: అంకె ఎంత పెద్దదైతే ర్యామ్ అంత వేగం.

వాస్తవం: కాలువ వెడల్పు వేరు, లాకులు ఎత్తాక నీళ్లు మీ చేలోకి చేరడానికి పట్టే సమయం వేరు. 3200, 3600 అనేవి వెడల్పు సంగతి చెబుతాయి. సీఎల్ అనే అంకె ఆలస్యం సంగతి చెబుతుంది. సీఎల్‌ని 2000తో గుణించి ర్యామ్ వేగంతో భాగిస్తే ఆలస్యం నానోసెకన్లలో వస్తుంది. 3200 సీఎల్16కి 10 నానోసెకన్లు. 3600 సీఎల్18కీ అంతే. డీడీఆర్5లో 6000 సీఎల్30కీ అదే 10. కానీ 4800 సీఎల్40కి దాదాపు 16.7! కొత్తదని కొన్న ర్యామ్ ఆలస్యంలో పాతదానికంటే వెనకబడొచ్చన్నమాట.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఎన్ని ర్యామ్ కర్రలు (స్టిక్‌లు) పెట్టారన్నది. 3200 ర్యామ్ ఒకే కర్రగా ఉంటే సెకనుకు గరిష్ఠంగా 25.6 గిగాబైట్లు పారుతుంది. రెండు కర్రలు రెండు ఛానళ్లలో పెడితే 51.2. ఒకే 16 జీబీ కర్ర పెట్టుకుని 3200ను 3600 చేయడానికి రాత్రంతా కుస్తీ పట్టడం కంటే, రెండు 8 జీబీ కర్రలు పెట్టుకోవడం నయం.

అపోహ: మనసుంటే ఏ ప్రాసెసర్‌నైనా ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు.

వాస్తవం: ఇంటెల్‌లో మామూలుగా పేరు చివరి అక్షరాల్లో 'కె' ఉన్నవాటికే, వేగాన్ని తేల్చే గుణకానికి వేసిన తాళం తీసి ఉంటుంది. దానికి జెడ్ వరస బోర్డు కూడా కావాలి. బీ660 బోర్డులో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు గానీ ప్రాసెసర్‌ది కాదు. హెచ్610లో రెండూ కుదరవు. రైజెన్‌లో చాలావాటికి తాళం లేకపోయినా ఏ520 బోర్డు ప్రాసెసర్ వేగాన్ని పెంచనివ్వదు. కొన్నాక తెలుసుకోవడం కంటే కొనేముందు అడగడం మేలు.

అపోహ: హ్యాంగ్ అవుతుంటే వోల్టేజి పెంచుకుంటూ పోతే కుదుటపడుతుంది.

వాస్తవం: కొంతవరకే. వేగం పెరిగితే కరెంటు ఖర్చు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజి పెరిగితే మాత్రం దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.20 వోల్టులను 1.35 చేసి, 4.4 గిగాహెర్ట్జ్‌ని 4.8కి తెచ్చారనుకోండి. వేగం పెరిగింది 9 శాతం, వేడి పెరిగింది సుమారు 38 శాతం.

'ఆటో'లో వదిలేస్తే క్షేమమని కూడా అనుకోకండి. 2023లో కొన్ని రైజెన్ 7000 ఎక్స్3డీ ప్రాసెసర్లు కాలిపోయాక, ఎస్ఓసీ వోల్టేజి 1.3 దాటకుండా ఏఎండీ బోర్డులకు కళ్లెం వేసింది. ఎక్స్‌పో ఆన్ చేస్తే కొన్ని బోర్డులు ఆ వోల్టేజిని వాటంతట అవే పెంచేసేవి. ఇంటెల్ 13, 14 తరాల ప్రాసెసర్లు కొన్ని అదుపు తప్పిన వోల్టేజి వల్ల దెబ్బతిన్నాయని 2024లో తేలింది. ఇంటెల్ మైక్రోకోడ్ సవరణ ఇచ్చి, వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. దెబ్బతిన్నవాటిలో ఓవర్‌క్లాక్ జోలికే పోనివాళ్ల ప్రాసెసర్లూ ఉన్నాయి. కాబట్టి మొదటి పని అంకెలు పెంచడం కాదు, కొత్త బయోస్ వేసుకోవడం. అది ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు మూగబోయే ప్రమాదం ఉంది. యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోకండి.

అపోహ: లిక్విడ్ కూలర్ ఉంటే ఎండాకాలంతో పనిలేదు.

వాస్తవం: గాలి కూలరైనా నీటి కూలరైనా వేడిని చివరికి గది గాలిలోనే వదలాలి. గది 28 డిగ్రీలున్నప్పుడు 84 దగ్గర ఆగిన ప్రాసెసర్, గది 38 అయితే ఇంచుమించు 94కి చేరుతుంది. రైజెన్ 7000లో చాలావాటికి 95 దగ్గర, ఇంటెల్ 13, 14 తరాలకు 100 దగ్గర హద్దు. అది తాకగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మీరు పెంచింది అక్కడికక్కడే పోతుంది.

అలాగని కోనసీమ ఉక్కపోతను తిట్టుకోనక్కర్లేదు. చెమట ఆరదు కాబట్టి ఉక్క మనకు నరకం. హీట్‌సింక్‌కి చెమట పట్టదు, దానికి ఉష్ణోగ్రత ఒక్కటే లెక్క. కాకపోతే అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి లోహపు అంచులను తింటుంది. ఆ ఊళ్లలో క్యాబినెట్ తరచూ తెరిచి దుమ్ము దులపడం అవసరం.

ఇక ర్యామ్ సంగతి. అందులో బిట్ దాచే ప్రతి గది ఒక ఓటి కుండ. కారుతూనే ఉంటుంది, అందుకే ప్రతి 64 మిల్లీసెకన్లకోసారి నింపాలి. చిప్ 85 డిగ్రీలు దాటితే 32కే నింపాలని డీడీఆర్4 ప్రమాణం చెబుతోంది. వేడికి కారుడు ఎక్కువ మరి. వేగం కోసం టీరెఫీ అనే అంకెను పెంచేవాళ్లు ఈ నింపే వ్యవధినే సాగదీస్తున్నారు. సంక్రాంతి చలిలో కుండ నిలుస్తుంది. మే మధ్యాహ్నం నిలవదు. బావ పెట్టిన సెట్టింగు తిరగబడేది ఇక్కడే.

అపోహ: విండోస్ తెరుచుకుంది, గంట గేమ్ ఆడింది, ఇక ఢోకా లేదు.

వాస్తవం: నీలి తెర వస్తే నయం, కనీసం తెలుస్తుంది. ర్యామ్‌లో ఒక్క బిట్ తారుమారైతే చప్పుడు ఉండదు. పెళ్లి వీడియో ఫైలు చెడిపోయిన సంగతి ఆల్బమ్ ఇచ్చే రోజు బయటపడుతుంది. అందుకే ముందు బ్యాకప్ తీయండి. ర్యామ్‌ని మెమ్‌టెస్ట్86తో రాత్రంతా, ప్రాసెసర్‌ని ఓసీసీటీ లాంటి పరీక్షతో విడిగా చూడండి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు ఎవరిదో తేలదు. ర్యామ్ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ఫెయిలే. అక్కడ 99 మార్కులకు పాస్ లేదు.

అపోహ: సెట్టింగు మార్చాక తెర నల్లగా ఉండిపోతే బోర్డు పోయినట్టే.

వాస్తవం: డీడీఆర్5 కొత్త సెట్టింగుకి సర్దుకోవడానికి కొన్ని నిమిషాలు పట్టొచ్చు. కంగారులో స్విచ్ ఆపకండి. అప్పటికీ రాకపోతే ప్లగ్ తీసి, సీమాస్ క్లియర్ చేయండి. లేదా బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీని కాసేపు తీసి పెట్టండి. పాత అంకెలు తిరిగొస్తాయి.

చివరగా ఒక్క పని. బావ పెట్టిన అంకెలన్నీ కాగితం మీద రాసి క్యాబినెట్ లోపలి వైపు అంటించండి. రోహిణి కార్తెలో ఓ మధ్యాహ్నం ఏసీ ఆపి అదే పరీక్ష మళ్లీ పెట్టండి. తప్పితే ఒక్క మెట్టు దిగండి, చిన్నతనం ఏమీ లేదు. గంగలకుర్రు ప్రభను ఎంత ఎత్తు కట్టారన్నది ఊళ్లో ఉన్నంతసేపే ముచ్చట. భుజాల మీద కౌశిక ఏరు దాటించి, ఒరగకుండా తీర్థం జరిగే తోటకు చేర్చినప్పుడే దానికి పేరు.