టెలివిజను పెట్టె తనంత తానే ఛానెలు మార్చుటేల?

సాయంకాలము వంట ముగించి, పిల్లలకు అన్నము పెట్టి, అరగంట తీరిక చేసికొని గృహిణి టెలివిజను ముందు కూర్చుండును. కథ మంచి పట్టున నుండగా తెర నల్లబడును. లేదా ఎవరును తాకకయే వేఱొక ఛానెలు వచ్చి నిలుచును. అప్పుడు ఇంటిలో మొదట వినవచ్చు మాట "ఏమి నొక్కితివి?" అనునదియే. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ క్రొత్త కుండ యన్న సామెత యంత్రముల యెడలను చెల్లుచున్నది. ఆ పెట్టె ఎవరి మాట విని అట్లు చేయుచున్నదో తెలిసికొనక యింటి ఆడువారిని నిందించుట న్యాయము కాదు. అందుచేత ఆ సంగతి మా సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

పూర్వము కేబులు తీగను నేరుగా టెలివిజనుకే తగిలించెడివారు. 2011లో కేబులు చట్టమును సవరించిన పిమ్మట, 2012 మొదలు విడతలుగా డిజిటలు ప్రసారము వచ్చినది. హైదరాబాదు, విశాఖపట్టణములు 2013 నాటి రెండవ విడతలో చేరినవి. అప్పటినుండి కేబులు గల యింట సెట్ టాప్ బాక్సు తప్పనిసరియైనది. ఇది చిన్న కంప్యూటరు. తాళము వేయబడి వచ్చు ప్రసారమును విప్పి తెరకందించుట దీని పని. దీనిలో గడియారము కలదు, జ్ఞాపకము కలదు. తాళపుచెవి మాత్రము కంపెనీవారి చేతిలో నుండును. కావున పెట్టె మన యింట నున్నను ఇద్దరు యజమానులకు ఊడిగము చేయుచున్నదని గ్రహింపవలెను.

మొదట మన యింటివారి యాజ్ఞలను చూతము. రాబోవు కార్యక్రమమును గుర్తుచేయుమని ఎప్పుడో ఒక మీట నొక్కి మఱచియుందుము. పెట్టె మఱవదు. ఆ వేళకు సూచన చూపును. కొన్ని పెట్టెలు వెంటనే ఆ ఛానెలునకు మారును. రికార్డు చేయుమని చెప్పియుంచినను ఇంతే. ప్రసారమును పట్టు భాగమునకు ట్యూనరని పేరు. ఒక చేదతో ఒకేసారి రెండు బావుల నీరు తోడజాలము గదా! ట్యూనరు ఒక్కటే యున్నచో, వేఱు ఛానెలును రికార్డు చేయుటకై పెట్టె మనము చూచుచున్న దానిని విడిచిపోవలసివచ్చును. ఇవికాక, కొన్ని గంటలు ఎవరును ఏ మీటయు నొక్కనిచో, చూచువారు లేరని తలచి కరెంటు ఆదాకొఱకు నిద్రించు ఏర్పాటు కొన్ని పెట్టెలలోను టెలివిజనులలోను కలదు. ఈ మూడింటిని పెట్టెయొక్క మెనూలో చూచి రద్దుచేసికొనవచ్చును.

రిమోటు కంటికి కనబడని పరారుణ కాంతితో మాటాడును. ఒకే తరగతి పెట్టెలు రెండున్న యింట ఒక రిమోటు రెండవ పెట్టెను కూడ కదలించవచ్చును. చెమ్మవలనను, పాలు టీ ఒలుకుటవలనను మీట లోపల అతుకుకొని, ఎవరును నొక్కకయే నొక్కినట్లుండును. దీనిని కనుగొనుట సులభము. రిమోటునుండి బ్యాటరీలు తీసివేసి చూడుడు. అప్పుడును ఛానెలు మారుచుండెనేని రిమోటు నిర్దోషి. పెట్టె ముందున్న మీటలను, ఇతర కారణములను చూడవలెను.

ఇక రెండవ యజమాని సంగతి. పెట్టెలోని సాఫ్టువేరును కంపెనీవారు దూరమునుండియే మార్చుచుందురు. అప్పుడు పెట్టె ఆగి మరల మొదలగును. కరెంటు ఒక్క క్షణము పోయినను అంతే. మరల మొదలైనప్పుడు చాల పెట్టెలు మనము విడిచిన ఛానెలును గాక, కంపెనీవారు నిర్ణయించిన ఛానెలును ముందుగ చూపును. దీనికి ల్యాండింగు ఛానెలని పేరు. ప్రేక్షకుల లెక్క పెరుగునని కొన్ని ఛానెళ్లు ఈ చోటునకై సొమ్ము చెల్లించును. మనము కోరి చూడని దానిని చూచినట్లు లెక్క తేలుట తగదని 2018 డిసెంబరులో ట్రాయ్ సంస్థ దీనిని అరికట్ట జూచినది; 2019లో టీడీశాట్ న్యాయస్థానము ఆ యుత్తరువును కొట్టివేసినది. కాబట్టి పెట్టె వెలిగింపగానే ఎవరో వార్తలు చదువుచుండిన, అది మన పొరపాటు కాదు, ఒకరి వ్యాపారము.

తెరపై అప్పుడప్పుడు అంకెల వరుస మెఱసి మాయమగుటయు కంపెనీవారి పనియే. ప్రసారమును దొంగిలించి వేఱొకచోట చూపువారిని పట్టుటకై ఆ గుర్తు వేయుదురు. దానికి భయపడ నక్కరలేదు.

కేబులుగాక డిష్షు గలవారికి ఆకాశమే అడ్డు వచ్చును. ఉపగ్రహము సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున నుండును. దాని తరంగముల నిడివి రెండున్నర సెంటీమీటర్ల ప్రాంతము. దట్టమైన వాన వానిని హరించును. డిజిటలు బొమ్మ కొంతవఱకు స్వచ్ఛముగా నిలిచి, బలము మఱికొంత తగ్గగానే గళ్లుగళ్లుగా విఱిగి ఒక్కసారి ఆగిపోవును. వాన వెలిసిన వచ్చును. ఎండలోను అట్లే యున్నచో డిష్షు కదలినదేమో, కొమ్మ అడ్డమైనదేమో చూపించుకొనవలెను.

అమెరికాలో బిడ్డలయొద్దకు పోవు తల్లులకు మఱియొక మాట. అచ్చట సుడిగాలి మొదలైన యాపదలు వచ్చునపుడు హెచ్చరిక పంపు ఏర్పాటు కలదు. దానిని దేశమంతట ఒక్కసారిగా 2011 నవంబరు 9న మొదట పరీక్షించిరి. హెచ్చరిక వచ్చినపుడు కొన్ని కేబులు పెట్టెలు చూచుచున్న ఛానెలును విడిచి హెచ్చరికనే చూపును. చెవులు గింగురుమను ఆ ధ్వని విని పెట్టె చెడినదని కట్టివేయరాదు. అది ప్రాణరక్షణకు వచ్చిన మాట. బోధపడనిచో ఇంటివారిని వెంటనే పిలువవలెను.

కాబట్టి సోదరీమణులారా! పెట్టె తడబడినప్పుడు నాలుగైదు దినములు ఒక కాగితముమీద వ్రాసియుంచుడు: ఏ వేళ మారినది, ఏ ఛానెలునకు మారినది, అప్పుడు వాన గాని కరెంటు కోత గాని కలదా యని. ప్రతిదినము ఒకే వేళకు మారుచుండిన గుర్తుచేయు మీటయో, రికార్డు ఆజ్ఞయో అయియుండును. వేళాపాళా లేనిచో మీటలను, తీగల బిగువును చూడుడు. కరెంటు పోయి వచ్చినప్పుడెల్ల ఒకే ఛానెలు వచ్చుచుండిన కంపెనీవారి నడుగుడు. ఈ కాగితము చేతనుండగా మరమ్మతువాడు అక్కరలేని భాగము మార్చి సొమ్ము గుంజజాలడు. ఇంటిలోను ఎవరి తప్పని వాదులాడుకొన బనిలేదు.