పీఆర్సీకి కదిలే సంఘాలు పీరియడ్‌కి కదలవేం?

2022 ఫిబ్రవరి 3న ఉద్యోగ సంఘాల 'చలో' పిలుపుకి బెజవాడ బీఆర్‌టీఎస్ రోడ్డు మీద ఇసుక వేస్తే రాలనంత జనం. ముందురోజు నుంచే పోలీసులు బస్టాండ్లు, రైల్వే స్టేషన్లు జల్లెడ పట్టారు. సంఘ నాయకుల ఇళ్ల ముందు కాపలా కాశారు. అయినా రైతుల్లా, కూలీల్లా వేషాలు మార్చుకుని మరీ వచ్చారు. ఆ జనంలో బడిలో క్రమశిక్షణ నేర్పే మాస్టార్లు, మేడమ్‌లు ఎందరో.

గొడవంతా ఒక తీసివేత లెక్క. అప్పటికే 27 శాతం మధ్యంతర భృతి అందుకుంటున్నవాళ్లకి వేతన సవరణ (పీఆర్సీ)లో 23 శాతం ఫిట్‌మెంట్ ప్రకటించారు. ఇంటద్దె భత్యానికీ కోత పెట్టారు. 'రివర్స్ పీఆర్సీ' అన్న పేరు అలా పుట్టింది. రెండు రోజులు తిరక్కుండానే మంత్రుల కమిటీతో ఉద్యోగ నాయకులు రాజీకొచ్చారు, సమ్మె ఆగింది. ఇంటద్దె కొంత సర్దారు గానీ ఫిట్‌మెంట్ 23 దగ్గరే ఉండిపోయింది. ఉపాధ్యాయ సంఘాలు ఆ ఒప్పందాన్ని ఒప్పుకోలేదు. స్టాఫ్ రూముల్లో ఆ కోపం చాన్నాళ్లు చల్లారలేదు.

ఊళ్లో మాట మాత్రం వేరు. "అంతంత జీతాలు, ఎండాకాలం సెలవులు, మళ్లీ రోడ్డెక్కడమా? వాళ్ల పిల్లల్ని మాత్రం కాన్వెంటుకి పంపుతారు" అని. ఆ విసురులో నిజం లేకపోలేదు. కానీ ఈ జీతం ఎవరూ పిలిచి ఇచ్చింది కాదు. 1980ల్లో, 90ల్లో చేరిన స్పెషల్ టీచర్లకి ప్రభుత్వం నెలకి చేతిలో పెట్టింది 398 రూపాయలు. '398 టీచర్లు' అన్న పేరే వాళ్లకి స్థిరపడిపోయింది. ఆ కాలానికి నోషనల్ ఇంక్రిమెంట్లు కావాలన్న డిమాండు దశాబ్దాల పాటు నలిగింది. బతకలేక బడిపంతులు అన్న సామెతకు కాలం చెల్లించింది సంఘాలే. యూటీఎఫ్, ఎస్టీయూ, ఏపీటీఎఫ్, పీఆర్టీయూ... జెండాలు ఎన్నైనా ఆ కష్టం మాత్రం ఉమ్మడిది.

కార్మికుడు కాదు, సమ్మె హక్కు లేదు

చట్టం దృష్టిలో టీచరుది విచిత్రమైన స్థానం. పారిశ్రామిక వివాదాల చట్టం కింద ఉపాధ్యాయుడు కార్మికుడు కాడని 1988లో సుప్రీంకోర్టు తేల్చింది. 2003లో తమిళనాట జయలలిత ప్రభుత్వం సమ్మె చేసిన ఉద్యోగుల్ని, టీచర్లని లక్షకు పైగా ఒక్కసారిగా తొలగించింది. ఆ కేసులోనే ప్రభుత్వోద్యోగికి సమ్మె చేసే హక్కు చట్టపరంగానే కాదు, నైతికంగా కూడా లేదని కోర్టు చెప్పేసింది. తర్వాత చాలామందిని ఉద్యోగాల్లోకి తీసుకున్నారు గానీ ఆ తీర్పు నీడ ఇప్పటికీ ప్రతి సమ్మె నోటీసు మీదా పడుతుంది. మన ప్రవర్తనా నియమావళి 1964 నాటిది, అందులోనూ సమ్మె నిషిద్ధమే. ఏపీలో 2023 జనవరిలో జీతాలు ఆలస్యమవుతున్నాయని ఒక ఉద్యోగ సంఘం గవర్నర్‌ని కలిస్తే, మీ గుర్తింపు ఎందుకు రద్దు చేయకూడదో చెప్పమని నోటీసు వచ్చింది.

ఇంకోపక్క రాజ్యాంగం 171వ అధికరణం శాసనమండలిలో పన్నెండో వంతు సీట్లు టీచర్ల ఓటుకే అప్పగించింది. సమ్మె చెయ్యకూడదు గానీ ఎమ్మెల్సీని పంపొచ్చు. 2025 మార్చిలో ఉత్తర తెలంగాణ టీచర్ల స్థానంలో గెలిచింది పెద్ద ప్రైవేటు విద్యాసంస్థల అధిపతి. టీచర్లు ఓటేసి యజమానిని పంపుకున్నారన్నమాట! సంఘాలు తీరిగ్గా కూర్చుని ఆలోచించుకోవాల్సిన ఫలితమిది.

హాజరు వేరు, పాఠం వేరు

జీతం సంగతి ఇక వదిలేద్దాం. పని సంగతికొస్తే, 2024–25 యూడైస్ లెక్కల ప్రకారం దేశంలో ఏకోపాధ్యాయ పాఠశాలలు ఎక్కువున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్: 12,912. అలాంటి బడిలో ఒకటో తరగతికి అక్షరాలు దిద్దించేదీ, ఐదో తరగతికి భాగహారం చెప్పేదీ ఒకే గొంతు. మధ్యలో గుడ్లు లెక్కపెట్టాలి, అన్నం ఫొటో తీయాలి. ఎంఈఓ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో 'అర్జంట్' అని వచ్చిన ఫార్మాట్ నింపాలి. ఆయనకి జ్వరమొస్తే బడికి జ్వరమే.

ఈ మనిషి మీద ప్రభుత్వాలకి నమ్మకం లేదు. వైకాపా హయాంలో మరుగుదొడ్ల ఫొటోలు కూడా అప్‌లోడ్ చేయించారు. 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల క్యూల దగ్గర టోకెన్లిచ్చే పనికి టీచర్లనే పంపారు. 2022 ఆగస్టులో ముఖం చూపిస్తేనే హాజరు పడే యాప్ తెచ్చి, అదీ సొంత ఫోన్లలో వేసుకోమన్నారు. సంఘాలు ఎదురుతిరిగితే కొంత వెనక్కి తగ్గారు.

అపనమ్మకానికి కారణమే లేదనను. ఇరవై ఏళ్ల కిందట ప్రపంచ బ్యాంకు తరఫున పరిశోధకులు చెప్పకుండా బడులకి వెళ్లి చూస్తే, దేశంలో నలుగురిలో ఒక టీచరు కనపడలేదు. ఆ మచ్చని సంఘాలు తామై తుడుచుకునే ప్రయత్నం చెయ్యలేదు, చెడ్డ టీచరు మీద చర్యకి కూడా అడ్డం పడ్డ రోజులున్నాయి. అయితే దానికి విరుగుడు యాప్ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఒక ప్రయోగం చేశారు. పిల్లల మార్కులు పెరిగితే టీచరుకి చిన్న బోనస్ అన్నారు. అది సగటున ఏడాది జీతంలో మూడు శాతం మాత్రమే. మార్కులు పెరిగాయి. టీచర్ల హాజరు మాత్రం పెరగలేదు! వచ్చిన రోజున ఎక్కువ చెప్పారు, హోంవర్క్ ఇచ్చారు, అదనపు క్లాసులు తీసుకున్నారు, అంతే. గేటు దగ్గర ముఖాన్ని కొలిచే యాప్‌కి ఈ సంగతి తెలియదు.

టీచర్లని బోధనేతర పనులకి వాడటంలో తెలంగాణదీ ఇదే కథ. 2024 నవంబరులో కులగణనకి 36,559 మంది ఎస్‌జీటీలని, 3,414 మంది ప్రాథమిక పాఠశాలల హెచ్‌ఎంలని వాడుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకే బడి కట్టేశారు. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ టీచర్లని బోధనేతర పనులకి పంపకూడదంటూ మూడు పనులకే మినహాయింపు ఇచ్చింది: పదేళ్ల జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు. కులగణన ఆ మూడింట్లో దేని కిందకి వస్తుంది? సర్వే అవసరమే కావచ్చు. దాని ఖర్చు ఒకటో తరగతి పిల్లల పూటల్లోంచి చెల్లించారు.

న్యాయంగా చెప్పాలంటే 2022లో ఏపీలో మూడు, నాలుగు, ఐదు తరగతుల్ని హైస్కూళ్లలో కలిపినప్పుడు సంఘాలు గట్టిగానే నిలబడ్డాయి, తల్లిదండ్రులూ గేట్ల దగ్గరికొచ్చారు. టీచరు డిమాండూ పిల్లవాడి అవసరమూ ఒకటైనప్పుడు ఊరు సంఘం పక్షానే ఉంటుందని అప్పుడు తేలింది. కానీ ఏకోపాధ్యాయ బడుల కోసం బీఆర్‌టీఎస్ రోడ్డు నిండలేదు.

సంఘం లేనివాళ్లు

సంఘాలే అక్కర్లేదనేవాళ్లు ప్రైవేటు బడి టీచరుని చూడాలి. కొవిడ్‌లో బడులు మూతపడితే జీతం ఆగింది, అడగడానికి నాయకుడు లేడు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం నెలకి 2 వేల రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. ప్రభుత్వ రంగంలోనూ ఒంటరివాళ్లున్నారు. 2024 డిసెంబరులో తెలంగాణ సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులరైజేషన్ కోసం దాదాపు నెలపాటు సమ్మె చేశారు. కస్తూర్బా విద్యాలయాల్లో పాఠాలు ఆగాయి. ఒకే పని చేసే పక్క టీచరుకి ఎంత జీతమో వాళ్లకి తెలుసు. పెద్ద సంఘాలు సంఘీభావం ప్రకటించాయి, తమ సమ్మెగా మాత్రం తీసుకోలేదు.

సంఘాలు మళ్లీ డిమాండ్ల పత్రం రాస్తాయి. మొదటి వరసలో ఫిట్‌మెంట్, డీఏ బకాయిలు, పాత పెన్షన్ ఉండనివ్వండి, అభ్యంతరం లేదు. రెండో వరసలో మాత్రం ఏ బడికీ ఒక్క టీచరే ఉండకూడదనీ, 27వ సెక్షన్ దాటి ఏ పనికీ రామనీ రాయాలి. దాని కోసం ఒక్క రోజైనా 'చలో' పిలుపు ఇవ్వాలి. ఆ రోజు తల్లిదండ్రుల్ని కూడా పిలవండి.